పైలట్ల కొరత ఉంటే, లైసెన్సున్నవాళ్లు ఇంట్లో ఎందుకున్నారు?

2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. పైలట్లకు విశ్రాంతి పెంచుతూ దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెచ్చిన డ్యూటీ నిబంధనల రెండో దశ నవంబరు 1న అమల్లోకి వచ్చింది. రాత్రి డ్యూటీలో ఒక పైలట్ చేయదగిన ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. దానికి సరిపడా సిబ్బందిని సంస్థ ముందే సిద్ధం చేసుకోలేదు. టీవీల్లో వారం పాటు ‘పైలట్ల కొరత’ అన్న మాటే మోగింది.

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో ఆ మాట ఇంకో రకంగా వినిపించింది: ఇప్పుడు చేర్పిస్తే రెండేళ్లలో ఉద్యోగం ఖాయం. యాభై లక్షలైనా సరే, అప్పు చేసైనా సరే అనుకునేవాళ్లు ఉన్నారు. మరోపక్క, లైసెన్సు చేతికొచ్చి ఏడాది, రెండేళ్లు దాటినా ఎయిర్‌లైన్ పిలుపు కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లూ ఉన్నారు. ఈ రెండూ నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే ట్రైనింగ్‌కు ఉన్న దారుల మధ్య తేడా కూడా అర్థమవుతుంది. ఏ దారిలో వెళ్లినా చివరికి వచ్చే లైసెన్సు ఒక్కటే. మధ్యలో ఎక్కడ ఆగిపోతాం, ఆగినన్నాళ్లూ ఖర్చు ఎవరు మోస్తారు అన్నదే దారిని బట్టి మారుతుంది.

కొరత ఎక్కడ, మిగులు ఎక్కడ

ముందు నాలుగు మాటలు విడదీసుకుందాం.

సీపీఎల్ అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్. డబ్బు తీసుకుని విమానం నడపడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. దీన్ని సెస్నా 172, డైమండ్ డీఏ40 లాంటి నాలుగు సీట్ల చిన్న విమానాల మీద నేర్చుకుని సంపాదిస్తారు. ఆ లైసెన్సుతో నేరుగా ఎయిర్‌బస్ ఎ320 ఎక్కనివ్వరు. ఆ మోడల్ కోసం విడిగా సిమ్యులేటర్ మీద శిక్షణ తీసుకుని పాసవ్వాలి. అదే టైప్ రేటింగ్. కారు లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆర్టీసీ బస్సు స్టీరింగ్ ఇవ్వరు కదా, అలాగన్నమాట.

టైప్ రేటింగ్ అయి, ఉద్యోగం వచ్చాక కుడి సీట్లో కూర్చునేవారు ఫస్ట్ ఆఫీసర్. ఎడమ సీట్లో కూర్చునేవారు కెప్టెన్. కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్సు ఉండాలి. దానికి కనీసం 21 ఏళ్ల వయసు, 1,500 గంటల ఫ్లయింగ్ అనుభవం కావాలి. ఆ పైన సంస్థ సొంత షరతులు, పరీక్షలు ఉంటాయి. ఫస్ట్ ఆఫీసర్‌గా చేరినవారు ఎడమ సీటుకు మారడానికి ఏళ్లు పడుతుంది.

విమానం కదలాలంటే కెప్టెన్ ఒకరు ఉండి తీరాలి. అందుకే ‘కొరత’ అన్నప్పుడు ఎయిర్‌లైన్‌కు ముందుగా కావలసింది కెప్టెన్లు, ఆ తర్వాత తమ మోడల్ మీద టైప్ రేటింగ్ ఉన్న ఫస్ట్ ఆఫీసర్లు. 200 గంటల అనుభవంతో సీపీఎల్ పట్టుకుని వచ్చిన కుర్రాడు ఆ కొరతను మర్నాడే తీర్చలేడు. అతనికి సిమ్యులేటర్ స్లాట్ దొరకాలి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే ట్రైనర్ కెప్టెన్ దొరకాలి. కెప్టెన్లే తక్కువగా ఉన్నప్పుడు ట్రైనర్లు ఇంకా తక్కువగా ఉంటారు. అంటే కెప్టెన్ల కొరత కొత్తవాళ్ల ఎదురుచూపును పెంచే సందర్భాలు కూడా ఉంటాయి.

ఇక భవిష్యత్తు గురించి చెప్పేవాళ్లు చూపించే అంకెలు రెండు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలు, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలు ఆర్డర్ చేశాయి. అవన్నీ ఒక్క ఏడాదిలో దిగవు, పదేళ్ల మీద పరచుకుని వస్తాయి. పైగా వచ్చిన విమానాలు కూడా ఇంజిన్ సమస్యలతో పదుల సంఖ్యలో నేల మీద నిలిచిపోయిన కాలం మొన్ననే చూశాం. అదే 2023లో డీజీసీఏ 1,600కు పైగా సీపీఎల్‌లు ఇచ్చింది. పదేళ్లకు లెక్కేస్తే ఇంకా పైలట్లు కావాలన్నది సబబే. అయితే లైసెన్సులు ఒక ఏడాది కుప్పగా వస్తాయి, ఉద్యోగాలు ఇంకో ఏడాది కుప్పగా తెరుచుకుంటాయి. మధ్యలో చిక్కుకున్నవారికి పదేళ్ల సగటు లెక్క ఏం ఊరటనిస్తుంది?

రెండు వందల గంటల లోపల

సీపీఎల్‌కు కనీస వయసు 18. ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలన్నది పాత షరతు. ఎంపీసీ పిల్లలకు ఇబ్బంది లేదు. బైపీసీ, సీఈసీ పిల్లలు లోటున్న సబ్జెక్టును ఓపెన్ స్కూల్లో రాసి పూర్తి చేసుకుని వెళ్లడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆర్ట్స్, కామర్స్ వాళ్లకూ తలుపు తెరవాలన్న ఆలోచన 2025లో వార్తల్లోకి వచ్చింది.

డీజీసీఏ పరీక్షలు రాయాలంటే ముందు కంప్యూటర్ నంబరు, అంటే అభ్యర్థి గుర్తింపు సంఖ్య, తీసుకోవాలి. దానికి ఇంటర్ మార్కులు అసలైనవేనని బోర్డు ధ్రువీకరించాలి. ఇక్కడ మనవైపు పిల్లలకు తగిలే చిక్కు ఒకటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో పేరుకు వెనకా ముందూ మారి ఉంటుంది. ఆకాశంలో ఎగరడానికి వెళ్లినవాడు మొదటి రెండు నెలలూ మీసేవ చుట్టూ తిరుగుతుంటాడు.

పేపర్లు: నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. పాసవ్వాలంటే నూటికి 70 రావాలి. రేడియోలో మాట్లాడటానికి ఆర్టీఆర్ అనే సర్టిఫికెట్ విడిగా కావాలి. ఇది మొన్నటిదాకా టెలికాం శాఖ చేతిలో ఉండేది, 2024లో వచ్చిన కొత్త విమానయాన చట్టంతో డీజీసీఏకు మారింది. ఇంగ్లిష్‌లో మాట్లాడే సామర్థ్యానికి కూడా ఒక పరీక్ష ఉంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు భయపడేది ఈ ఇంగ్లిష్‌కే కానీ, చాలామందిని ఆపేది నావిగేషన్, మెటియరాలజీ పేపర్లు.

మెడికల్ రెండు మెట్లు. క్లాస్ 2 డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర అవుతుంది. సీపీఎల్‌కు కావలసింది క్లాస్ 1. అది చేసే కేంద్రాల్లో మనకు దగ్గరిది బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్. కళ్లద్దాలుంటే పైలట్ కాలేరన్న మాట ఇంకా మన ఊళ్లలో తిరుగుతోంది, అది తప్పు. అద్దాలతో చూపు నిర్ణీత ప్రమాణానికి వస్తే చాలు. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే మాత్రం అడ్డంకే. క్లాస్ 2తోనే ట్రైనింగ్ మొదలుపెట్టే వీలుంది కాబట్టి క్లాస్ 1ను వెనక్కి నెట్టేవాళ్లున్నారు. ఫీజు సగం కట్టాక ఫిట్ కాదని తేలితే ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం మామూలు టెన్షన్ కాదు.

తర్వాత ఫ్లయింగ్. మొత్తం 200 గంటలు. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా ఎగిరినవి కావాలి. కనీసం 20 గంటలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే క్రాస్ కంట్రీ ఫ్లయింగ్. అందులో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 555 కిలోమీటర్లు ఉండి, మధ్యలో రెండు వేరే ఎయిర్‌పోర్టుల్లో దిగాలి. రాత్రిపూట 5 గంటలు, అందులో పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు. ఇవి కాక ఎయిర్‌లైన్ ఉద్యోగానికి రెండు ఇంజిన్ల విమానం మీద అనుభవం, బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కావాలి. ట్రైనీలు దీన్ని ఐఆర్ అంటారు.

ఇదంతా లాగ్ బుక్‌లో వరుస వరుసగా ఎక్కుతుంది. తేదీ, వీటీ అక్షరాలతో మొదలయ్యే విమానం నంబరు, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా లేక సోలోనా, పగలా రాత్రా, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు. మొత్తం 200 దాటినా కమాండ్ గడిలో 97 గంటలే ఉంటే లైసెన్సు రాదు. ఆ మూడు గంటలు మళ్లీ ఎగరాలి, మళ్లీ డబ్బు కట్టాలి.

పోస్టర్ల మీద ఉన్నవన్నీ పైలట్ కోర్సులు కావు

ఇంటర్ ఫలితాల సీజన్‌లో బస్టాండ్ల దగ్గర కనిపించే విమానం బొమ్మల బ్యానర్లలో చాలావాటికి కాక్‌పిట్‌తో సంబంధం ఉండదు. బీబీఏ ఏవియేషన్ అంటే విమానాశ్రయాల నిర్వహణ చదువు. ఏరోనాటికల్ ఇంజినీరింగ్ అంటే విమానం తయారీ, డిజైన్ చదువు. ఏఎంఈ అంటే మెయింటెనెన్స్ లైసెన్సు. బీఎస్సీ ఏవియేషన్‌లో కొన్నిచోట్ల ఫ్లయింగ్ కలిసి ఉంటుంది, కొన్నిచోట్ల డిగ్రీ ఒకటే ఉంటుంది. ఓర్వకల్లులో డ్రోన్ సిటీ మాట మొదలయ్యాక ‘పైలట్ సర్టిఫికెట్’ ప్రకటనలూ పెరిగాయి. అది డ్రోన్ ఎగరేసేవారికి ఇచ్చే రిమోట్ పైలట్ సర్టిఫికెట్, కొద్ది రోజుల కోర్సు. దాని విలువ దానికుంది, సీపీఎల్‌కు మాత్రం అది మెట్టు కాదు.

మన దేశంలో ఫ్లయింగ్ స్కూలు: విమానాలను, పిల్లలను కలిపి లెక్కపెడితే

మొదటి దారి ఇదే. డీజీసీఏ ఆమోదం ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో సొంత ఖర్చుతో సీపీఎల్ చేసి, ఆ తర్వాత ఎయిర్‌లైన్లకు దరఖాస్తు చేసుకోవడం. ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకునేవాటిలో పేరున్నవి రెండు. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వం నడిపే ఇగ్రువా ఒకటి, మహారాష్ట్రలోని గోందియాలో ఉన్న నేషనల్ ఫ్లయింగ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఇంకొకటి. మిగతావి ఎక్కువగా ప్రైవేటువి. మొత్తం ఖర్చు ఇంచుమించు 40 నుంచి 60 లక్షల మధ్య తేలుతుంది. డీజీసీఏ ఆమోదించిన కోర్సు ఫీజు మీద జీఎస్టీ ఉందా లేదా అన్న గొడవ చాలాకాలం నడిచింది. మినహాయింపు ఉందని 2024 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ స్పష్టత ఇచ్చింది.

ఈ దారిలో ఖర్చు ముందే తెలుస్తుంది. కాలం తెలియదు. బ్రోషర్లో 18 నెలలు అని ఉంటుంది, బయటికి వచ్చినవాళ్లలో కొందరు మూడేళ్లు అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం.

ఒక స్కూల్లో పది విమానాలున్నాయి. సర్వీసింగ్‌లో, స్పేర్ పార్టుల కోసం ఆగినవి పోను రోజూ ఎగిరేవి ఆరు. ఒక్కొక్కటి రోజుకు 4 గంటలు తిరిగితే 24 గంటలు. పిల్లలు వంద మంది అయితే ఒక్కొక్కరి వంతు రోజుకు 0.24 గంట, అంటే పావుగంటకు కాస్త తక్కువ. 200 గంటలు కావాలంటే 833 ఫ్లయింగ్ రోజులు. వాన, పొగమంచు, సెలవులు తీసేసి నెలకు 22 రోజులు ఎగరగలిగితే 38 నెలలు పడుతుంది. అదే స్కూల్లో పిల్లలు యాభై మందే ఉంటే 19 నెలలు. విమానాలు అవే, ఇన్‌స్ట్రక్టర్లు వాళ్లే. మారింది క్లాసులోని తలలు మాత్రమే.

ఈ లెక్కలో ఇంకొన్ని కలుస్తాయి. ఇన్‌స్ట్రక్టర్లకు ఎయిర్‌లైన్లో ఉద్యోగం వస్తే వెళ్లిపోతారు, అది వాళ్ల తప్పు కాదు. గంగా మైదానంలో డిసెంబరు, జనవరిలో మంచు కమ్మితే ఉదయాలు పోతాయి, కొంకణం వైపు వానాకాలం పోతుంది. స్కూలు ఎక్కడుంది అన్నది హాస్టల్ భోజనం కోసం కాదు, ఏడాదిలో ఎన్ని ఉదయాలు తేటగా ఉంటాయన్నదాని కోసం చూడాల్సిన విషయం అవుతుంది.

2025 అక్టోబరు నుంచి డీజీసీఏ ఈ స్కూళ్లకు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబరు 1న, గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. భద్రత, స్కూలు పనితీరు, నిబంధనల పాటింపు, విద్యార్థులకు అందే సహాయం లాంటివి చూసి ఎ డబుల్ ప్లస్ నుంచి సి దాకా ఇస్తారు. మొదటి జాబితాలో పై రెండు గ్రేడ్లూ ఒక్క స్కూలుకూ రాలేదు. దీన్ని రెండు రకాలుగా చదువుతున్నారు. స్కూళ్ల పరిస్థితి అంత దిగజారిందని కొందరంటే, కొలబద్ద కఠినంగా పెట్టారు, అది మంచిదేనని ఇంకొందరంటారు. నా మట్టుకు నాకు రెండో మాటలో నిజం ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే అంతకుముందు కన్సల్టెంట్ చెప్పిన మాట తప్ప పోల్చి చూసుకోవడానికి తల్లిదండ్రుల చేతిలో ఏమీ ఉండేది కాదు.

విదేశంలో ఫ్లయింగ్: గంటలు త్వరగా, కాగితాలు నిదానంగా

అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు ముందుగా చెప్పే కారణం వేగం. అక్కడ విమానాలు ఎక్కువ, ఎయిర్‌పోర్టులు ఎక్కువ. ఏడాదిలోపు ఫ్లయింగ్ ముగించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

వచ్చాక ఉంటుంది కన్వర్షన్. అక్కడి లైసెన్సును ఇక్కడి సీపీఎల్‌గా మార్చుకోవడం అన్నమాట. ఆ దేశపు విమానయాన సంస్థ నుంచి ధ్రువీకరణ రావాలి, డీజీసీఏ పేపర్లు ఇక్కడ రాయాలి, ఇక్కడి విమానం మీద చెక్ ఫ్లైట్లు చేయాలి. అమెరికాలో ఒక తరహా స్కూళ్లలో 190 గంటలకే కమర్షియల్ లైసెన్సు వస్తుంది. మనకు 200 కావాలి, అందులో కమాండ్ గంటలు 100 ఉండాలి. అక్కడ ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా ఎగిరిన గంటలు ఎక్కువై కమాండ్ గంటలు తగ్గితే, తగ్గినవి ఇక్కడ కొనుక్కోవాలి. అక్కడ మిగిల్చిన ఆరు నెలలు ఇక్కడ కన్వర్షన్‌లో కరిగిపోయినవాళ్ల కథలు డీజీసీఏ పేపర్లకు చదివించే గ్రౌండ్ క్లాసుల హాస్టల్ ఏదైనా సరే, అక్కడ అడిగితే వినిపిస్తాయి. పేపర్లన్నీ వెళ్లకముందే పాసై వెళ్లినవాళ్లకు ఈ బాధ బాగా తగ్గుతుంది.

రెండో విషయం డాలరు. 60,000 డాలర్ల కోర్సు అనుకుందాం. 2022 మొదట్లో డాలరు 75 రూపాయల దగ్గర ఉన్నప్పుడు అది 45 లక్షలు. 2025 డిసెంబరులో డాలరు 90 దాటింది. అదే కోర్సు, అదే ఫీజు, ఆ రేటుకు 54 లక్షలు. ఫీజు విడతలుగా కట్టే కుటుంబానికి బ్యాంకు మంజూరు చేసిన రూపాయల అప్పు చివరి విడతకు చాలకపోవచ్చు.

క్యాడెట్ ప్రోగ్రాం: ముందే సీటు, ముందే డబ్బు

ఇక్కడ వరుస తిరగబడుతుంది. ట్రైనింగ్ మొదలవకముందే ఎయిర్‌లైన్ పరీక్ష పెట్టి ఎంచుకుంటుంది. లెక్కలు, ఫిజిక్స్, చేతికీ కంటికీ సమన్వయం, మానసిక పరీక్షలు, ఇంటర్వ్యూ. ఎంపికైనవారిని తను ఒప్పందం చేసుకున్న స్కూలుకు పంపుతుంది. సీపీఎల్, టైప్ రేటింగ్ రెండూ ఒకే ప్యాకేజీ. అన్నీ నిర్ణీత ప్రమాణంలో పాసైతే ఆ ఎయిర్‌లైన్లోనే ఫస్ట్ ఆఫీసర్‌గా తీసుకుంటుంది. ఖర్చు కోటి దగ్గరికి, కొన్నిసార్లు ఆ పైకి వెళ్తుంది. ‘ఎయిర్‌లైన్ చదివిస్తుంది’ అని మన దగ్గర అనుకుంటారు కానీ, డబ్బు కట్టేది కుటుంబమే. ఎయిర్ ఇండియా ఇంకో అడుగు వేసి మహారాష్ట్రలోని అమరావతిలో ఏడాదికి 180 మందిని తయారు చేసేలా సొంత స్కూలునే ప్రకటించింది. మన అమరావతి అనుకుని సంబరపడినవాళ్లు కొందరున్నారు, అది విదర్భలోది.

అనుకూలంగా చెప్పేవారి వాదన బలమైనదే. మొదటి రోజు నుంచి ఎయిర్‌లైన్ పద్ధతిలో నేర్పుతారు, బ్యాచ్‌కు విమానాలు కేటాయించి ఉంటాయి, కాలం దాదాపు గీత గీసినట్టు నడుస్తుంది. కాదనేవారు చేతిలోని కాగితం చదవమంటారు. చాలా ఒప్పందాల్లో ఉండేది షరతులతో కూడిన ఆఫర్. సంస్థకు ఖాళీలుండాలి, వ్యాపారం నడుస్తుండాలి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయింది. 2020లో కోవిడ్ వచ్చి అన్ని సంస్థల నియామకాలూ స్తంభించాయి. ఎయిర్‌లైన్ నిలబడి ఉన్నంతవరకే దాని హామీ నిలబడుతుంది. అయినా లైసెన్సు, టైప్ రేటింగ్ అభ్యర్థి పేరు మీదే ఉంటాయి కాబట్టి అంతా పోయినట్టు కాదు.

ఎదురుచూపుకు ధర కడితే

సొంత దారికీ క్యాడెట్‌కూ మధ్య తేడాను ఒక లెక్కలో పెట్టి చూద్దాం. అంకెలన్నీ ఊహలే.

సొంత దారిలో సీపీఎల్‌కు 50 లక్షలు, పిలుపు వచ్చాక టైప్ రేటింగ్‌కు 20 లక్షలు, మొత్తం 70. క్యాడెట్ అయితే ఒక కోటి. తేడా 30 లక్షలు. సీపీఎల్ వచ్చాక వెంటనే పిలుపు వస్తే ఆ 30 లక్షలు మిగిలినట్టే. రాకపోతే? 50 లక్షల అప్పు మీద 11 శాతం వడ్డీ ఏడాదికి 5.5 లక్షలు. ఉద్యోగంలో ఉంటే చేతికి నెలకు లక్షన్నర వచ్చేదనుకుంటే ఏడాదికి 18 లక్షలు పోయినట్టు. రెండూ కలిపి ఎదురుచూసే ప్రతి ఏడాదీ 23.5 లక్షలు. ఆ లెక్కన దాదాపు 15 నెలల ఎదురుచూపుకు 30 లక్షల తేడా కరిగిపోతుంది. అంతకు తక్కువ ఆగితే సొంత దారి చవక, ఎక్కువ ఆగితే క్యాడెట్ చవక.

క్యాడెట్ బ్యాచే ఆగిపోతే లెక్క తలకిందులవుతుంది. కోటి మీద వడ్డీ ఏడాదికి 11 లక్షలు, సొంత దారివాడికి రెట్టింపు. అప్పుడు క్యాడెట్ కట్టిన ఆ అదనపు 30 లక్షలు ఒక్క సంస్థ భవిష్యత్తు మీద కాసిన పందెంలా మిగులుతాయి.

ఎదురుచూసేవారికి ఇంకో ఖర్చుంది, దాన్ని ఎవరూ బ్రోషర్లో వేయరు. సీపీఎల్ కాగితం ఉన్నా ఐఆర్‌ను ఏడాదికోసారి చెక్ చేయించుకోవాలి, మెడికల్ గడువు దాటకుండా చూసుకోవాలి. దాని కోసం మళ్లీ విమానం అద్దె, మళ్లీ ప్రయాణం. కొందరు ఈ కాలంలో ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసి తాము చదివిన స్కూల్లోనే నేర్పుతారు. జీతం చిన్నదైనా గంటలు పెరుగుతాయి.

చీనీ తోట ఉంది, తాకట్టుకు పనికిరాదు

మన మూడు జిల్లాల్లో ఈ నిర్ణయం చాలాసార్లు మలుపు తిరిగేది బ్యాంకు బల్ల దగ్గర. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. అనంతపురం వైపు ఒక కుటుంబానికి ఎనిమిదెకరాల చీనీ తోట ఉందనుకోండి. మార్కెట్లో దాని విలువ కోటి పైమాటే కావచ్చు. బ్యాంకు మేనేజర్ పట్టాదారు పాస్‌బుక్ తిరగేసి, “టౌన్లో ఇల్లు గానీ, ప్లాటు గానీ ఏమైనా ఉందా అన్నా?” అని అడుగుతాడు.

అతను తోటను తక్కువ చేసి చూడటం లేదు. అప్పు మొండిబాకీ అయితే కోర్టుకు వెళ్లకుండా తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. రైతును కాపాడటానికి పెట్టిన మినహాయింపే రైతు బిడ్డ పెద్ద చదువు అప్పుకు అడ్డం వస్తుంది. అందుకే కోటి విలువైన తోట ఉన్న ఇంటికి దొరకని అప్పు, కడప టౌన్లో అరవై లక్షల ఇల్లున్న ఉద్యోగి ఇంటికి దొరుకుతుంది. తోటవాళ్లు చివరికి రెండెకరాలు అమ్ముతారు, లేదంటే బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. పైన వేసిన లెక్కలో 11 శాతం తీసేసి 24 పెడితే 50 లక్షల మీద ఏడాది వడ్డీ 12 లక్షలవుతుంది. అప్పుడు ఎదురుచూపు ఏడాదికి 30 లక్షలు. పదిహేను నెలల గడువు కాస్తా పన్నెండుకు పడిపోతుంది.

బ్యాంకు అప్పు దొరికినవాళ్లకు సంగతి ఇలా ఉంటుంది: కోర్సు కాలానికి, ఆ తర్వాత సాధారణంగా ఇంకో ఏడాదికి కిస్తీలు ఉండవు, వడ్డీ మాత్రం నడుస్తుంది. 50 లక్షలు 11 శాతానికి పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 68,900. కోటి అయితే 1,37,800. ఫస్ట్ ఆఫీసర్ జీతం నడిచేవారికి ఇది మోయగలిగిన బరువే. పిలుపు రాని ఇంట్లో మాత్రం నాన్న జీతంలోంచో, తోట కాపులోంచో కట్టాల్సిందే.

ఖర్చులేని దారి కూడా ఒకటుంది. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ), లేదా డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా వాయుసేన. ఫ్లయింగ్ నేర్పి, జీతం కూడా ఇస్తారు. షార్ట్ సర్వీస్‌లో ఫ్లయింగ్ విభాగంలో చేరినవారికి 14 ఏళ్ల సర్వీసు ఉంటుంది, ఆ తర్వాత ఎయిర్‌లైన్లకు మారినవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే సైన్యంలో చేరడాన్ని ఎయిర్‌లైన్‌కు దగ్గరి దారిగా చూడటం సరిగ్గా పొసగదు. అది వేరే జీవితం.

కడపలో స్కూలు వస్తే మారేదేమిటి

2022లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఫ్లయింగ్ స్కూళ్లకు స్థలం ఇవ్వడానికి ఎంచుకున్న ఐదు విమానాశ్రయాల్లో కడప ఒకటి. భావ్‌నగర్, హుబ్బళ్లి, కిషన్‌గఢ్, సేలం మిగతావి. ఓర్వకల్లు విమానాశ్రయం 2021లో మొదలైంది, పుట్టపర్తిలో రన్‌వే ఎప్పటినుంచో ఉంది. రాయలసీమలో వాన తక్కువన్న మాట మనకు శాపంగానే అలవాటు. ఫ్లయింగ్‌కు అదే వరం. ఎండ ఎక్కువైతే చిన్న విమానం మధ్యాహ్నం ఆయాసపడుతుంది నిజమే, కానీ ఉదయాలు తేటగా ఉంటాయి, రద్దీ రన్‌వేల దగ్గరలా వరుసలో నిలబడాల్సిన పనీ ఉండదు.

దగ్గర్లో స్కూలుంటే కుటుంబానికి మిగిలేది హాస్టల్, రాకపోకల ఖర్చు. 50 లక్షల్లో అది చిన్న భాగం. కడప పిల్లకు కడపలోనే సీటు దొరికినా గంటకు విమానం అద్దె, ఇన్‌స్ట్రక్టర్ల సంఖ్య, ఎగిరే విమానానికి ఎంతమంది పిల్లలన్న లెక్క ఫుర్సత్‌గంజ్‌లోనైనా, జమ్మలమడుగు దారిలోనైనా ఒకే రకంగా పనిచేస్తాయి. మనవైపు నెలకు 22కు బదులు 26 రోజులు ఎగరగలిగితే పైన చెప్పిన వంద మంది స్కూల్లో 38 నెలలు 32 అవుతాయి. అదే స్కూలు ఇంకో ముప్పై మందిని చేర్చుకుంటే 42కు వెళ్తాయి.